మొల్లా

దిగాల్సింది వెనిస్‌లో.
నిద్ర పట్టేసింది.
చివరి స్టేషన్‌లో ఎవరో భుజం తట్టి లేపితే
త్రియెస్తేలో దిగాను, రెండో చెప్పు చేత్తో పట్టుకుని.
ఒక రాత్రి ఉండి పోదామనుకున్న ఊరు,
గాలికి తలుపులు కొట్టుకునే ఊరు,
పన్నెండు రోజులు కదలనివ్వలేదు.

నీవెస్ పొద్దున ఆరో నంబరు బస్సు నడుపుతుంది.
మూడు దాటాక యూనిఫాం విప్పి
పాత చెక్కపడవ నడపడం నేర్పుతుంది.
పడవ పేరు ఉప్పుకి రాలిపోయి
చివరి అక్షరం ఒక్కటే మిగిలింది.
నా భాష ఆమెకి రాదు, ఆమెది నాకు రాదు.
మధ్యలో ఇంగ్లీషు
ఇద్దరికీ అద్దెకొంప.

మొదటి పాఠం: గాలి ఎటు?
వేలు తడిపి గాల్లో పెట్టాను.
తల అడ్డంగా ఊపి
నా చెవి వెనక వెంట్రుకల్ని ముట్టుకుంది నీవెస్.
ఇక్కడ. నీకు ముందే తెలుసు.

చుక్కాని కుడికి నెడితే
పడవ ముక్కు ఎడమకి తిరుగుతుంది.
ఇది ఒంటబట్టడానికి నాకు నాలుగు సాయంత్రాలు.
పక్కన కూర్చున్న దుయీలియోకి, పన్నెండేళ్లవాడికి,
ఒక ఐస్‌క్రీము తినేంతసేపు.

మనవైపు గాలివాటం మనిషి అంటే తిట్టు.
ఎటు వీస్తే అటు పోతాడని.
పోయి చూడమనండి ఒకసారి.
వెనకగాలికి తెరచాప పూర్తిగా చాచి
పడవని తిన్నగా నిలపమనండి.
కాస్త ఆదమరిస్తే చాలు, తెరచాప వాసం
ఈ పక్కనుంచి ఆ పక్కకి తలమీదుగా విసురుతుంది.
నా నుదుటి బొప్పి సాక్షి.
ఆ తిట్టు కనిపెట్టినవాడెవడో
ఒడ్డునే కూర్చుని ఉంటాడు.

ఐదోరోజు
కొండల సందులోంచి ఒక్కపెట్టున దిగింది గాలి.
తాడు నా చేతిలో ఉంది.
పడవ ఒరిగి, అంచు మీదుగా నీళ్లు లోపలికి.
నీవెస్ అరుస్తోంది:
"మొల్లా! మొల్లా!"

సముద్రం మధ్య, నోట్లోకి ఉప్పునీళ్లు పోతుంటే
నేను పువ్వుని వెతికాను. నిజం.
మా బ్యాంకు వెనక సైకిల్ షెడ్డు మీద పాకిన మొల్లతీగ,
మధ్యాహ్నం నోట్లు లెక్కపెడుతుంటే
కిటికీలోంచి వచ్చే ఆ వాసన.
గుర్తొచ్చేకొద్దీ తాడు ఇంకా బిగించాను.

ఇరవయ్యేడేళ్లు క్యాష్ కౌంటర్లో పనిచేసిన చెయ్యి.
పది రూపాయలు తేడా వస్తే
రాత్రి తొమ్మిదైనా కట్టలు మళ్లీ విప్పిన చెయ్యి.
రబ్బరుబ్యాండు రెండు చుట్లు, ముద్ర, తాళం.
పట్టుకోమన్నవాళ్లే అందరూ.
వదలమని దీంతో ఎవరూ అనలేదు.

దుయీలియో వంగి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు,
చంటిపిల్ల గుప్పిట్లోంచి బలపం లాగినట్టు.
తాడు జర్రున పారింది.
తెరచాప ఫటఫటా కొట్టుకుంది.
పడవ లేచి కూర్చుంది,
ఏమీ ఎరగనట్టు.

మొల్లా అంటే వాళ్ల భాషలో వదిలెయ్ అట.
నా అరచేతిలో కమిలిన గీతకి ఏదో మందు రాస్తూ
ఒడ్డుకొచ్చాక చెప్పింది.
మా భాషలో పువ్వు, అన్నాను.
ఎలా ఉంటుంది?
తెల్లగా, చిన్నగా...
అక్కడితో నా ఇంగ్లీషు అయిపోయింది.
బస్సు టికెట్టు వెనక బొమ్మ గీసి ఇచ్చాను.
తిప్పి తిప్పి చూసి
"చేపా?" అంది.

ఆఖరి రెండు రోజులూ బోరా.
ఇంట్లో మనిషికున్నట్టు
ఆ గాలికి అక్కడ పేరుంది.
పడవలన్నీ కట్టేశారు.
ఒక పెద్దాయన టోపీ ఎగిరి
రోడ్డు దాటి, మెట్లు దిగి, సముద్రంలో పడింది.
అది మునిగేదాకా చూశాడు.
జుట్టు సర్దుకుని కాఫీకి వెళ్లాడు.

నీవెస్ బస్సులోనే స్టేషన్‌కి బయల్దేరాను.
టికెట్టు కొనాల్సిందే అంది, కొన్నాను.
మలుపు దగ్గర అద్దంలో నన్ను చూసి
తన చెవి వెనక వేలు పెట్టింది.
కిటికీ కొంచెం తెరిచి ఉంది.
ఎడమవైపు నుంచి, అన్నాను
తెలుగులోనే.